తూటాల పెట్టెలో చివరి వరస

మా మనవరాలు పెదవులకు పూసుకునే రంగు గొట్టాలన్నీ ఒక కొయ్య పెట్టెలో నిలబెట్టుకుంటాది. పోయిన నెల ఉదయగిరి ఇంటి అటక దులిపి, పనికొచ్చే సామానంతా ఆత్మకూరుకు తెచ్చినప్పుడు దొరికింది దానికి ఆ పెట్టె. వరసలు వరసలుగా గుంతలు తొలిచి ఉంటాయి. "అవ్వా, దీన్ని నా కోసమే చేయించినట్టుండారే" అని మురిసిపోయింది. అది తుపాకి తూటాలు పెట్టుకునే పెట్టె మే అంటే నమ్మలా. "మనింట్లో తుపాకా! ఎవుర్ని చంపేదానికి?" అని కళ్ళు ఇంత చేసుకుంది. ఎవుర్నీ చంపలేదు తల్లీ. కాకపోతే ఆ పెట్టెలో చివరి వరస నిండనందుకు నాకు పుట్టింటి దోవ మూసుకుపోవాల్సింది. దానికి చెప్తే వినే ఓపిక లేదు. చేతిలో ఫోన్ మోగింది, లేచిపోయింది. అందుకని కాగితం మీద పెడుతుండా. నేను ఐదో తరగతి దాటలేదు, రాత వంకర టింకర, కానీ చూసింది మర్చిపోయే అలవాటు నాకు లేదు.

మా పుట్టిల్లు ఆత్మకూరు పక్కనే. నేను చిన్నగా ఉన్నప్పుడే మా నాయన పోయినాడు. మా అన్న పెంచలయ్యే నాకు నాయన. సేద్యం చేసి, మా అమ్మను చూసుకోని, నా పెళ్ళి చేసి ఉదయగిరికి పంపించింది ఆయనే. అత్తగారి ఇల్లు కొండ కిందనే. పొద్దున లేచి పెరట్లోకి వస్తే కోట గోడలు నెత్తిమీద ఉన్నట్టుంటాయి. వానాధారం చేలు, శెనక్కాయలు వేస్తే కాయ పట్టేటప్పటికి కొండ దిగి పందులు వస్తాయి. ఒక్క గుంపు దిగిందంటే తెల్లారేటప్పటికి చేను దున్నినట్టే. అందుకని మా మామకు సర్కారు లైసెన్సుతో ఒక తుపాకి ఉండె. దాన్ని ఆయన కొడుకుకన్నా ఎక్కువగా చూసుకునేవాడు. కొబ్బరినూనె గుడ్డతో తుడిచి, మా అత్త పాత పట్టుచీర చింపి కుట్టిన సంచిలో పెట్టేవాడు. మా అత్త అది చూసినప్పుడల్లా "నాకు పెట్టిన చీర దానికి కట్టినాడు, నా సవితి" అని మూతి తిప్పేది.

కొన్న తూటాలు ఖరీదు. అందుకని కాల్చినాక మిగిలిన ఇత్తడి గుల్లలు పారెయ్యకుండా దాచిపెట్టి, నెల్లూరు నుంచి మందు డబ్బా తెచ్చి ఇంట్లోనే మళ్ళీ నింపుకునేవాళ్ళు. మందు అంటే తుపాకి మందు. కొత్త కోడలిగా నాకది తెలవదు. వచ్చిన కొత్తలో మా ఆయన "ఆదివారం మందు పనుండాది, ఎవురూ రావద్దని చెప్పు" అంటే, అయ్యో, ఇంటిల్లిపాదీ తాగుతారా ఏంది అని నేను బిక్కచచ్చిపోయినాను. మా అత్త నా ముఖం చూసి నవ్వలేక పొర్లింది.

ఆ మందు దినం వస్తే ఇంట్లో పొయ్యి వెలిగించరు. ముందు రోజు రాత్రి వండి నీళ్ళు పోసిన సద్దన్నమే అందరికీ. ఎర్రగడ్డ, ఊరిమిరపకాయ, ఇంకొకటి లేదు. కాఫీ కూడా లేదు, ఆ ఒక్క దినం మా మామ తలనొప్పితో తిరిగేవాడు. బీడీలు, అగ్గిపెట్టెలు అన్నీ పక్కింటికి పోవాల్సిందే. గాలికి మందు ఎగురుతుందని మా అత్త నడవలో మూలకు తిరిగి కూర్చొని, మందును చిన్న కొయ్య కొలతతో కొలిచి గుల్లల్లో పోసేది. ఆ కొలత మా ఊళ్ళో కొయ్య చెంచాలు చెక్కే ఆయన చేత చేయించింది. ఆ పెట్టెను చెక్కిందీ ఆయనే. మా అత్త వెనక చెయ్యి చాపి గుల్ల అందిస్తే, మా ఆయన పైన అట్టబిళ్ళ వేసి సీసం గుళ్ళు పోసి మూసేవాడు. మా అన్న దాన్ని తుడిచి పెట్టెలో నిలబెట్టేవాడు. నా పని పెరటి దోవలో కూర్చొని, బీడీ నోట్లో పెట్టుకోని ఎవురూ లోపలికి రాకుండా చూసేది. గంధకం వాసన, దీపావళి తెల్లారినాక వీధిలో ఉంటుందే అట్లాంటిది, ఆ దినమంతా చీరెలకు పట్టుకోని ఉండేది. నాకు ఆ వాసన ఇష్టం, ఎందుకంటే ఆ దినం మా అన్న ఇంట్లో ఉంటాడు గదా.

అన్నకు తుపాకి లేదు. తుపాకిని చూస్తే మాత్రం పసిపిల్లోడే. మందు దినం అని కబురు తెలిస్తే ముందు రోజు సాయంత్రమే ఆత్మకూరులో బస్సెక్కి దిగేవాడు. చేతి సంచిలో నాకు మురుకులో, నిమ్మకాయలో, మా అమ్మ పెట్టిన ఊరగాయో. రాత్రి ముందరి గదిలో పడుకునేవాడు. మందు డబ్బా, గుల్లలు ఉండేదీ ఆ గదిలోనే.

మొదట్లో మందు కొలిచేది మా మామే. డబ్బా అడుగు కనపడేటప్పటికి పెట్టె నిండాలి, అది ఆయన లెక్క. ఒక డబ్బాకు ఒక పెట్టె. అట్లా నిండితే పెట్టె మీద చెయ్యి వేసి నిమిరి, "ఇంక పందులు రానీ" అనేవాడు. తర్వాత ఆయన కళ్ళకు పొర కమ్మింది. కొలతలో మందు నిండిందో లేదో కనపడదు. ఇంట్లో వడ్లైనా, సజ్జలైనా, శెనక్కాయలైనా కొలిచే చెయ్యి మా అత్తది కాబట్టి ఇదీ ఆమెకే వచ్చింది. మా మామ స్తంభానికి ఆనుకోని, ఆమె పైకి చెప్పే లెక్క చెవులతో వింటుండేవాడు.

చివరి వరస ఖాళీగా మిగలడం అప్పుడు మొదలైంది. డబ్బా తుడిచినట్టు ఖాళీ, గుల్లలు మాత్రం ఒక వరసకు ఉత్తవి. మా మామ తడిమి తడిమి చూసినాడు. "నా చెవికి లెక్క నిండింది, పెట్టె నిండలేదేంది?" అన్నాడు.

"నువ్వు మధ్యలో కునుకు తీసినావులే" అనింది మా అత్త.

మొదట నెల్లూరు అంగడాయన మీదికి పోయింది అనుమానం. తూకంలో కొట్టినాడని. మళ్ళా తెచ్చిన డబ్బాను మా ఆయన దోవలో తెలిసిన అంగడి తక్కెట్లో వేయించుకోని వచ్చినాడు. సరిగ్గానే ఉంది. ఆసారి కూడా చివరి వరస ఖాళీనే. తర్వాత చెంచాలు చెక్కే ఆయన్ని పిలిపించినారు, కొలత లోతు ఎక్కువ చేసినావా అని. ఆయన పాపం కొలతను తిప్పి తిప్పి చూసి, "మీ పాత ఇత్తడి కొలతకు సరిచూసే గదయ్యా చేసింది" అన్నాడు. రెండిటిలోనూ సజ్జలు పోసి చూసినారు. గింజ తేడా లేదు. ఇంక బయట అనుమానించేదానికి ఎవురూ మిగల్లా. అప్పుడు ఆ ఇంట్లో చూపులు మారినాయి. మా ఆయన అన్నం తింటా తింటా, "మీ అన్న ఈసారి కూడా ముందు రోజే వస్తాడా?" అన్నాడు. మామూలు మాటే. కానీ నేను సగంలోనే లేచి చెయ్యి కడిగేసినాను.

ఆ మధ్యలోనే కౌజుపిట్టల సంగతి జరిగింది. నాకు నెల తప్పింది అని తెలిసి అన్న సంబరంగా కౌజుపిట్టలు శుభ్రం చేయించి, మసాలా పట్టించి తెచ్చినాడు. మా అత్త బ్రహ్మాండంగా వండింది. అందరం కూర్చొని తింటుండాము. మా అత్త ఉన్నట్టుండి దవడ పట్టుకోని, నోట్లోంచి ఏదో తీసి కంచం అంచు మీద పెట్టింది. టింగుమని మోగింది. సీసం గుండు.

"పిట్టల్ని వలేసి పడతారు గదా, వీటినెవురు కాల్చినారు?" అని అడిగింది.

"మా ఊళ్ళో ఒకాయనకు తుపాకి ఉండాది అత్తా, ఆయన కొట్టినవి" అన్నాడు అన్న.

"ఓహో. ఆయనకు మందు ఎక్కడిది?"

"అది నేనడగలా."

"అడగాల్సింది" అని, ఆ గుండును కంచం మీద వేలితో అటూ ఇటూ దొర్లించింది మా అత్త. ఆ గుండు చానా దినాలు వంటింటి గూట్లోనే ఉండింది. ఆమె ఎందుకు పారెయ్యలేదో నాకు తెలుసు. నేను దాన్ని చూడకుండా ఉండలేక, చూసి ఓర్చుకోలేక, ఆ గూటి దగ్గరికే పోవడం మానేసినాను.

తర్వాతి మందు దినానికి ముందు రోజు అన్న వచ్చినాడు. నాకప్పటికి కడుపు బయటపడింది. ఆయన సంచి అరుగు మీద పెట్టి కాళ్ళు కడుక్కునేదానికి పెరట్లోకి పోయినాడు. నేను నీళ్ళ చెంబు తీసుకోని వాకిట్లోకి వచ్చేటప్పటికి మా ఆయన ఆ సంచిలో చెయ్యి పెట్టి వెతుకుతుండాడు. పెట్టిన చెయ్యి తీసి వాసన చూసుకున్నాడు. నేను చూసినానని ఆయనకు తెలవదు. వెనక నుంచి అన్న తడి కాళ్ళతో వచ్చి నిలబడినాడని మా ఇద్దరికీ తెలవదు.

"అడుగున ఇంకో పొట్లం ఉండాది బావా" అన్నాడు అన్న. "అది కూడా చూడు. మా అమ్మ నువ్వులుంటలు కట్టింది."

మా ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు గానీ అనుమానం మాత్రం వదల్లేదు. "తప్పేముండాది బావా, ఇంట్లో మందు పోతా ఉంటే చూసుకోమా? నువ్వు పడుకునే గదిలోనే గదా డబ్బా ఉండేది" అన్నాడు.

అరుపులు లేవు, గొడవ లేదు. మా అన్న నా వైపు చూసినాడు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. సంచి తీసుకోలేదు, నువ్వులుంటలు అక్కడే వదిలేసి, "రమణమ్మా, జాగ్రత్త" అని ఒక్క మాట చెప్పి బస్సు దోవ పట్టినాడు. మా అత్త గడపలో నిలబడి, "ఉండు నాయనా, అన్నం తిని పో" అని కూడా అనలేదు. మా మామ "ఎవురదీ, ఎవురు పోతుండేది?" అని కనపడని కళ్ళతో అడుగుతా ఉన్నాడు.

మొదటి కానుపు పుట్టింట్లో జరగాల. అన్న వచ్చి, పసుపు కుంకుమ పెట్టి, అడిగి తీసకపోవాల. నాయన లేని దానికి అన్న రాకపోతే ఇంకెవురొస్తారు? తొలిచూలు బిడ్డను అత్తగారింట్లో కన్నది అని ఊళ్ళో అంటే, అమ్మగారి వాళ్ళు వదిలేసినారు అనే అర్థం. ఆ మాట ఒకసారి పడిందంటే, రేపు మా అమ్మకు బాగలేకపోయినా, నాకు బాగలేకపోయినా ఆ దోవలో మళ్ళీ బస్సెక్కేది ఉండదు. నేను రోజూ అది తల్చుకోని తల్చుకోని, లోపల బిడ్డ కదిలినా సంతోషించలేకపోయినాను. ఇంకో పక్క, చెప్తే ఏముండాది, ఆ సీసం గుండు కూడా కళ్ళముందు దొర్లతానే ఉంటుంది.

ఆ నెల మందు పని ఆగిపోయింది. మా ఆయన డబ్బాను ముందరి గదిలోంచి తీసి మా అత్త ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేయించినాడు. తాళం ఆమె కొంగుకు. పందులు దిగినాయని చేను కాపలా వాళ్ళు చెప్పినాక, ఇంక తప్పక మళ్ళా మందు దినం పెట్టుకున్నారు. అన్న లేడు గదా, పెట్టె దగ్గర చేతులు తక్కువైనాయి. "నువ్వు కూర్చో మే, గుల్లలు అందుకోని ఈడికియ్యి, మూసినవి పెట్టెలో నిలబెట్టు" అనింది మా అత్త. పెరటి దోవకు పక్కింటి ముసలామెను కాపలా పెట్టినారు. అట్లా ఆ ఇంట్లో మొదటిసారి నేను మందు దగ్గర కూర్చున్నాను. మా అత్త వీపు నా ముఖానికి ఎదురుగా.

మా వైపు ఏది కొలిచినా ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు, అట్లా. మా అత్త కూడా అట్లాగే మొదలుపెట్టింది. "లాభం" అనింది. నేను చెయ్యి చాపినాను. ఏమీ రాలా. "రెండు" అనింది, గుల్ల వచ్చింది. మూడు, వచ్చింది. నేను పట్టించుకోలేదు, మొదటిది చేతికి అందలేదేమో అనుకున్నాను. ఆమె లెక్క ఒక వరస అంత అయినాక మళ్ళీ మొదటికి వచ్చింది. "లాభం." చెయ్యి చాపినాను. చెయ్యి చాపినట్టే ఉండింది. ఆమె కుడి మోచెయ్యి మాత్రం ఒకసారి పక్కకు పోయి వచ్చింది. "రెండు." గుల్ల వచ్చింది.

మూడోసారి నేను ఆమె మోచేతినే చూసినాను. లాభం అనింది, మోచెయ్యి పక్కకు పోయింది, నా చేతిలోకి ఏమీ రాలేదు. ఎనకాల మా మామ స్తంభానికి ఆనుకోని వేళ్ళు మడుస్తా ఉన్నాడు, లాభాన్ని కూడా కలిపి. ఆయన చెవి లెక్క ఎందుకు నిండుతుందో, పెట్టె ఎందుకు నిండదో నాకప్పుడు తెలిసింది. అంతకుముందు గుల్లలు అందుకునే మా ఆయన కళ్ళెప్పుడూ మూసే పని మీదే, లెక్క మీద లేవు. కానీ చెప్పేదెట్లా? అంతవరకూ మా అన్నను దొంగను చేసిన ఇల్లు, ఇప్పుడు కోడలు లేచి అత్తను దొంగ అంటే ఊరుకుంటుందా? ఈమె ఎవురికి ఇస్తుండాది? తన పుట్టింటికా? అమ్ముకుంటుండాదా? నేను కూడా మనిషినే గదా, అనుమానం నాకు కూడా అంత తొందరగానూ వచ్చింది.

మందు అయిపోయింది. చివరి వరస ఖాళీ. మా ఆయన ఆ ఖాళీ గుంతల వైపు, తర్వాత నా వైపు చూసినాడు. "ఈసారి బావ కూడా లేడే. తాళం మా అమ్మ కొంగుకుండె. ఇంక ఈ ఇంట్లో ఎవురు మిగిలినారు?" అన్నాడు.

నేను మా అత్త వైపు తిరిగినాను. "అత్తా" అన్నాను. "లాభం అన్నప్పుడు నా చేతికి గుల్ల రాలేదు. ఏ వరసకూ రాలేదు."

ఆమె తిరిగి చూసింది. చేతులు నల్లగా, ముక్కు మీద మందు మసి. "లాభం నీ చేతికెందుకొస్తాది మే?" అనింది. "అది దేవుడిది గదా!"

మా మామ మడిచిన వేళ్ళు మళ్ళీ విప్పినాడు.

ఆ ఇంట్లో గింజ ఏది కొలిచినా మొదటి కొలత దేవుడి జాడీలో పోస్తారు, దాన్ని పొలి అంటారు. వడ్లకు అంతే, సజ్జలకు అంతే. తిరునాళ్ళకు ఆ గింజలే పొంగలి. అది ఎంత పోసినారు అని ఎవురూ లెక్క చూడరు, దాన్ని తగ్గినట్టు కూడా అనుకోరు. మామ కొలిచేటప్పుడు మగమనిషి, ఆ పద్ధతి పెట్టుకోలేదు. మా అత్త చేతికి కొలత వచ్చినాక, ఆమెకు వడ్లైనా మందైనా కొలవడం కొలవడమే. వడ్ల పొలి వేరు, దీని పొలి వేరు అని కలపకుండా మందుకు ఒక ఊరగాయ జాడీ విడిగా పెట్టింది. తిరునాళ్ళలో ఔట్లు, బాణాసంచా పేల్చే వాళ్ళకు ఇస్తే దేవుడికే చేరుతుంది అని ఆమె ఆలోచన. పెట్టె నిండలేదంటే మామ కునుకు తీసినాడు అన్నదీ ఆమే, పిట్టల్లో వచ్చిన గుండును దొర్లించి మా అన్నను అనుమానించిందీ ఆమే. ఆమె మనసులో దేవుడి జాడీకీ, పోయిన మందుకీ లంకె లేదు. దేవుడికి తీసింది పోయినట్టు ఎట్లవుతాది?

మా మామ నెమ్మదిగా లేచినాడు. "ఎక్కడ పెట్టినావు దాన్ని?" అన్నాడు.

"దేవుడిది ఎక్కడ పెడతారు? దేవుడి గూట్లో."

"దీపం పక్కనా?"

"పక్కన కాకపోతే, పెరట్లో పెడతానా?"

"మందు దినం పొయ్యి ఆర్పించి మాకు సద్దన్నం పెట్టి, మిగతా దినాలన్నీ దాన్ని దీపం పక్కన పెట్టినావా!" అని మా మామ గోడ పట్టుకోని నిలబడిపోయినాడు. మా అత్త మాత్రం, "దేవుడి ముందర దీపం ఏం చేస్తుందయ్యా, నీ బీడీనా అది" అనింది. మా ఆయన పరుగెత్తుకోని పోయి జాడీ తెచ్చి వాకిట్లో పెట్టినాడు. మూత తీస్తే మెడ దాకా నల్లగా. ఎన్ని సార్ల లాభమో అది.

మా అన్న మంచోడని అరవాలనిపించింది. అప్పుడు మా ఆయన కొయ్య కొలత చేతిలోకి తీసుకున్నాడు.

"కొలుద్దాం" అన్నాడు. "ఇన్నాళ్ళూ ఖాళీగా మిగిలిన వరసలకు ఇది సరిపోతుందో లేదో చూద్దాం. సరిపోయిందా, బావ కాళ్ళు పట్టుకుంటా. సరిపోలేదా, దేవుడు కొంత తీసుకున్నాడు, బావ కొంత తీసుకున్నాడు."

నేను ఆ జాడీ వైపు చూస్తుండా. కొలిచేటప్పుడు నేల మీద రాలింది ఎంతో, గాలికి పోయింది ఎంతో, చెమ్మకు జాడీకి అంటుకున్నది ఎంతో. ఒక్క కొలత తగ్గినా చాలు. నా కడుపులో బిడ్డ పుట్టేదెక్కడో ఆ జాడీలో ఉండాది. మా ఆయన వంగి కొలత ముంచబోయినాడు.

అంతలో మా అత్త నా చేతి పక్కనున్న నీళ్ళ చెంబు తీసి, ఆ జాడీలో గుబగుబా పోసేసింది. మందు ఉబ్బి, నల్ల బురదగా మారి అంచుల మీద కారింది.

"ఏం పని అమ్మా ఇది!" అని మా ఆయన అరిచినాడు.

"దేవుడిది మళ్ళీ కొలిచేదేందిరా?" అనింది ఆమె. "ఇచ్చినాక లెక్క చూసుకుంటావా దేవుడితో? పోరా, పోయి దాన్ని చెట్టు మొదట్లో పోసి రా." తర్వాత నా దగ్గరికి వచ్చి, మసి చేత్తో నా భుజం పట్టుకోని, నాకొక్కదానికే వినపడేటట్టు చెప్పింది. "ఇంక ఎవురూ ఏమీ అనలేరు మే. మీ అన్నకు కబురు పంపిస్తా." ఆ ముఖంలో నేను చూసిన జాలి ఇన్నేళ్ళకూ నాకు గుర్తుండాది. దేవుడి పేరు పెట్టుకోని ఆమె నా కోసమే ఆ పని చేసింది.

మా ఆయనే ఆత్మకూరు పోయినాడు. మందు దొరికింది, ఇంట్లోనే ఉండింది, పొరబాటు మాది అని చెప్పినాడంట. "ఎంత దొరికింది?" అని అడిగినాడంట అన్న. "కొలవలేదు బావా, మా అమ్మ నీళ్ళు పోసేసింది" అంటే, అన్న "సరే, వస్తాలే" అన్నాడంట. వచ్చినాడు. పసుపు కుంకుమ, చీర, పండ్లు, అన్నీ పద్ధతిగా తెచ్చినాడు. మా అత్త వండిన అన్నం మాత్రం, కడుపులో బాగలేదని తినలేదు. బస్సులో నాకు వికారమైతే నిమ్మకాయ చేతిలో పెట్టినాడు. నా బిడ్డ మా అమ్మ చేతుల్లో పుట్టింది. తర్వాత అన్న అన్నిటికీ వచ్చినాడు, మంచికీ చెడ్డకీ. రాత్రి మాత్రం ఆ ఇంట్లో ఎప్పుడూ పడుకోలేదు. ఆఖరి బస్సు పట్టుకోని వెళ్ళిపోయేవాడు. ఆయనకు పనులుంటాయిలే అనుకునేదాన్ని.

ఇప్పుడు మా కొడుకు అంగట్లో నెత్తిమీద నాలుగు పక్కలా కెమెరాలు. ఒక పొట్లం తగ్గితే ఎవుర్నీ ఒక మాట అనాల్సిన పని లేదు, ఫోన్‌లో వెనక్కి తిప్పి చూసుకుంటాడు. అప్పుడే ఒక కెమెరా ఉండుంటే మా అత్త మోచెయ్యి ఒక్క నిమిషంలో దొరికిపోయేది, ఎవురి సంచీ ఎవురూ వెతికేవాళ్ళు కాదు అని నేననుకుంటుంటాను. మరి మా వాడు ఏమీ తగ్గకపోయినా రోజూ పొద్దున్నే కూర్చొని వెనక్కి తిప్పి చూస్తానే ఉంటాడు. పనిచేసే పిల్లలు తలెత్తి కెమెరా వైపు చూసి, ముందరనే చేతులు చూపించి బయటికి పోతారు. మా కాలంలో అనుమానం మందు దినానికి వచ్చిపోయేది. ఇప్పుడది అంగడి తెరిచినప్పటి నుంచి వాళ్ళ నెత్తిమీదే కూర్చోనుంటుంది.

అన్న ఇల్లు ఇక్కడికి దగ్గరే. మొన్న పోయినాను. ఇద్దరం ముసలోళ్ళం, ఇప్పుడు నవ్వుకుంటే తప్పేముండాది అని, మా మనవరాలు రంగు గొట్టాలు పెట్టుకున్న సంగతి చెప్పి, అట్లే మా అత్త కథంతా చెప్పినాను. జాడీ, దీపం, మామ గోడ పట్టుకోని నిలబడింది. అన్న నవ్వినాడు, కళ్ళలో నీళ్ళొచ్చేటట్టు నవ్వినాడు. "నోరు గరుకైనా ఆమె మంచిది అన్నా. సమయానికి నీళ్ళు పోసి నిన్ను కాపాడింది" అన్నాను నేను.

నవ్వు ఆగిపోయింది.

"నన్ను కాపాడిందా?" అన్నాడు.

"కొలిస్తే తగ్గుతుందేమో అని..."

"తగ్గదు మే. సరిపోయేది. ఒక కొలత అటో ఇటో, సరిపోయేది. నేను చిటికెడు తియ్యలేదు గదా." గొంతులో కోపం లేదు. ఎప్పటినుంచో సర్ది పెట్టుకున్న మాటల్లాగా ఒక్కొక్కటే తీసి చెప్పినాడు. "మీ ఆయన కొలుస్తానన్నాడు చూడు, ఆ ఇంట్లో న్యాయంగా మాట్లాడింది ఆయనొక్కడే. కొలిచుంటే నేను ఆ ఇంట్లో కూర్చోని అన్నం తినుంటా. ఆ నీళ్ళు పోసినాక నేను దొంగను కాదు అని చెప్పుకునేదానికి నాకు ఏమి మిగిలింది?"

నేను కొంగు అంచు వేలికి చుట్టుకుంటా కూర్చున్నాను.

"ఆమె పరాయిది, భయపడింది, సరే" అన్నాడు అన్న. "నువ్వు పక్కనే ఉండావు గదా. ఆ కొలత ముంచబోతుంటే నీకు ఏమనిపించింది?"

ఆయన అడిగింది అబద్ధం చెప్పి తప్పించుకునే ప్రశ్న కాదు. ఆ కొలత ముంచబోయినప్పుడు నా కళ్ళముందు దొర్లింది ఆ సీసం గుండే. వంటింట్లోంచి మా వదిన కాఫీ తెచ్చి మా ఇద్దరి మధ్యా పెట్టింది. అన్న నా గ్లాసు నా వైపుకు జరిపి, నా జవాబు కోసం నా ముఖంలోకే చూస్తా కూర్చున్నాడు.